మీ తాత పనిచేసిన ఊరికి వెళ్ళే ముందు

చిరంజీవి చిట్టికి పెద్దనాన్న ఆశీస్సులతో రాసేది.

నువ్వూ మీ ఆఫీసులో ఇద్దరు స్నేహితురాళ్ళూ వచ్చే ఆదివారం కేజీఎఫ్‌కి, అదే మన కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌కి, వెళ్ళాలనుకుంటున్నారని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్‌లో చెప్పాడు. వినగానే ఎంత సంతోషం వేసిందో. మన ఇంట్లో మీ తరం పిల్లల్లో ఆ ఊరు చూస్తానని అడిగింది నువ్వొక్కదానివే. నేను పుట్టింది అక్కడే, పదో తరగతి దాకా చదివింది అక్కడే. మీ తాత దాదాపు ముప్పై ఏళ్ళు రోజూ భూమిలోకి దిగి పైకి వచ్చింది కూడా అక్కడే. ఫోన్‌లో పొడిపొడిగా చెప్పడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నాను. కొంచెం పెద్ద ఉత్తరమే అవుతుంది. రైల్లో తీరిగ్గా చదువుకో.

ముందు ఒక మాట. ఆదివారం వద్దు, శనివారం వెళ్ళు. నీకు శనివారం ఎలాగూ సెలవే. ఆ ఊళ్ళో పనికి వెళ్ళేవాళ్ళలో చాలామందికి వారం మొత్తంలో ఇంటిపట్టున ఉండేది ఆదివారం ఒక్కరోజే. ఆ ఒక్కరోజు బట్టలుతుక్కోవాలి, చర్చికో గుడికో వెళ్ళాలి, పిల్లలతో గడపాలి, కాసేపు నడుం వాల్చాలి. సరిగ్గా ఆ రోజే బెంగళూరు నుంచి కార్లలో, బైకుల మీద వచ్చినవాళ్ళు వాళ్ళ గుమ్మాల ముందు నిలబడి ఫోన్లు పైకెత్తుతారు. మనం ఆ గుంపులో కలవకూడదు. శనివారమైతే ఊరి అసలు నడక నీకు తెలుస్తుంది. పొద్దున ఎట్లా ఖాళీ అవుతుందో, సాయంత్రం ఎట్లా నిండుతుందో చూడొచ్చు.

కారులో పోవద్దు, రైలెక్కు. బెంగళూరు నుంచి మారికుప్పం వెళ్ళే లోకల్ రైళ్ళున్నాయి, కృష్ణరాజపురంలోనో వైట్‌ఫీల్డ్‌లోనో ఎక్కొచ్చు. టైములు మారుతుంటాయి కాబట్టి ముందురోజు ఒకసారి చూసుకో. పొద్దున్నే బయలుదేరితే నీ రైలు ఖాళీగానే ఉంటుంది. దారిలో ఏదో ఒక స్టేషన్‌లో ఎదురుగా బెంగళూరు వైపు పోయే రైలు ఆగుతుంది చూడు, అప్పుడు ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆ కిటికీల్లోకి చూడు. తలుపుల దగ్గర వేలాడే కుర్రాళ్ళు, టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయే ఆడవాళ్ళు, సెక్యూరిటీ గార్డు యూనిఫాం వేసుకునే బయలుదేరిన ముసలాయన, లాప్‌టాప్ బ్యాగు గుండెలకు హత్తుకున్న నీలాంటి అమ్మాయిలు. వాళ్ళలో చాలామంది గని కార్మికుల పిల్లలు, మనవళ్ళు, మనవరాళ్ళు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. ఒకప్పుడు ముప్పై వేల మంది దాకా పనిచేసిన చోట అప్పటికి కొన్ని వేల మందే మిగిలారు. ఆ రోజుతో ఆ పనీ పోయింది. కానీ జనం ఊరు వదిలిపోలేదు. ఇళ్ళు అక్కడే ఉంచుకుని, రోజుకు నాలుగైదు గంటలు రైల్లో గడుపుతూ బెంగళూరులో పని చేసుకుని వస్తున్నారు. ఒకప్పుడు మీ తాత కేజ్‌లో, అంటే గనిలోకి దించే ఇనప లిఫ్టులో, కిందికి దిగేవాడు, ఇప్పుడు వీళ్ళు రైలెక్కుతున్నారు. ఈ ఎదురు రైలు చూశాక నీ మనసులో ఆ ఊరికి 'పాడుబడ్డ ఊరు' అనే పేరు ఉండదని నా నమ్మకం. ఆ మాట వాళ్ళ ముందు నోట రానివ్వకు. 'ఘోస్ట్ టౌన్' అని ఇంగ్లీషులో కూడా అనకు, వాళ్ళకు నీకంటే బాగా ఇంగ్లీషు వచ్చు.

బంగారుపేట జంక్షన్ నుంచి లైను చీలుతుంది. బెమెల్ నగర్, కోరమండల్, ఊర్గాం, ఛాంపియన్, చివరిది మారికుప్పం. పదహారు కిలోమీటర్లే. ఈ స్టేషన్ల పేర్లలో మూడు నాలుగు గనుల పేర్లే. కేజీఎఫ్ అనేది ఒక గని పేరనుకుంటారు చాలామంది. అది వరసగా ఉన్న గనుల చుట్టూ పెరిగిన ఊళ్ళ గుంపు. మధ్యలో బజారు ఊరు రాబర్ట్‌సన్‌పేట, ఇంకో పక్క ఆండర్సన్‌పేట, మిగతాదంతా లైన్లు. లైన్లంటే కూలీల ఇళ్ళ వరసలు. మట్టి తవ్వే భారీ యంత్రాలు చేసే బెమెల్ ఫ్యాక్టరీ 1960ల నుంచి ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. ఊళ్ళో పనే లేదని కూడా అనుకోవద్దు.

భాష గురించి నీకు భయం అక్కర్లేదు. లైన్లలో తమిళం. ఆఫీసుల్లో, బోర్డుల మీద కన్నడం. చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు. కోలారు జిల్లాలో మన భాష ఎంత వినిపిస్తుందో విని ఆశ్చర్యపోతావు. బజారులో ఒక్క మనిషే మూడు భాషల్లో బేరమాడతాడు. ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చినవాళ్ళే గనుల్లో ఎక్కువ. మన చిత్తూరు జిల్లా నుంచి కూడా చాలామంది పోయారు, మా నాయన వాళ్ళలో ఒకడు. వర్షం లేక, చెరువు ఎండి, పలమనేరు దగ్గర ఊరు విడిచి నడుచుకుంటూ పోయాడట. మా లైన్లో మేము ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళం. నువ్వు తెలుగులోనే మొదలుపెట్టు. పెద్దవాళ్ళను 'అయ్యా', 'అమ్మా' అని పిలిస్తే ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది. ఇంగ్లీషులో మొదలుపెడితే నిన్ను టీవీ మనిషివనుకుంటారు.

ఇంక గనుల సంగతి. చరిత్ర అంతా రాస్తే ఉత్తరం పుస్తకమవుతుంది, నీకు పనికొచ్చేంత చెబుతాను. ఆ మట్టిలో బంగారముందని అక్కడి పల్లెవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. మారికుప్పం, ఊర్గాం మనుషులు మట్టి కడిగి బంగారపు రవ్వలు తీసేవాళ్ళు. 1802లో సర్వే పని మీద వచ్చిన జాన్ వారెన్ అనే లెఫ్టినెంట్ వాళ్ళ చేతే మట్టి కడిగించి చూసి ఆ సంగతి కాగితం మీద పెట్టాడు. తర్వాత 1875లో లావెల్లె అనే ఐరిష్ సైనికుడు తవ్వడానికి మైసూరు ప్రభుత్వం దగ్గర హక్కు తీసుకున్నాడు. మీ బెంగళూరు లావెల్లె రోడ్డు ఆయన పేరే. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే ఇంగ్లండు కంపెనీ దిగాక అసలు తవ్వకం మొదలైంది. 1902లో శివనసముద్రం జలపాతం దగ్గర కరెంటు పుట్టించి, దాదాపు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో లైట్లు వెలిగింది 1905లో. బెంగళూరు కంటే మూడేళ్ళ ముందే మా దగ్గర కరెంటు వచ్చిందని మా నాయన తరచూ చెప్పుకునేవాడు. చెప్పుకున్నాక ఒక మాట కలిపేవాడు: 'మిషన్లకు వచ్చిందిరా, లైన్లకు రాలేదు.' అక్కడ ఎవరైనా కరెంటు గొప్ప చెబితే ఆ రెండో మాట కూడా గుర్తుంచుకో.

లోతు సంగతి ఊహకు అందదు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు పోయింది, ప్రపంచంలోనే చాలా లోతైన గనుల్లో ఒకటి. అంత కింద రాయి అరవై డిగ్రీలు దాటిన వేడి మీద ఉంటుంది. చెయ్యి పెడితే కాలుతుంది. మీ తాత డ్రిల్లింగ్‌లో పనిచేశాడు. రాతిలోకి డ్రిల్లు ఆనించి పట్టుకుంటే ఆ అదురు చేతుల్లోంచి పళ్ళ దాకా వచ్చేదట. నీకు ఎనిమిదేళ్ళప్పుడు, 'తాత ఎందుకు ఎప్పుడూ అరుస్తాడు, నామీద కోపమా?' అని మీ అవ్వను అడిగావు. నేను అక్కడే ఉన్నాను. అప్పుడు ఎవరమూ నీకు సరిగ్గా చెప్పలేదు. కోపం కాదమ్మా. తన గొంతు తనకు వినిపించక అట్లా మాట్లాడేవాడు. ఆ ఊళ్ళో నీకు టీ కొట్టు దగ్గర గట్టిగా మాట్లాడే ముసలివాళ్ళు కనిపిస్తారు. వాళ్ళెవరూ నీమీద కోపంగా లేరు. వాళ్ళకు ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేట్టు, నిదానంగా మాట్లాడు. కొందరు మాట మధ్యలో దగ్గుతారు. రాతిదుమ్ము ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, సిలికోసిస్ అంటారు. దగ్గు ఆగేదాకా అట్లాగే కూర్చో. లేచిపోవద్దు, ముఖం తిప్పుకోవద్దు.

ఎయిర్ బ్లాస్ట్ అనే మాట నీకు అక్కడ వినిపిస్తుంది. పేపర్లలో రాక్ బర్స్ట్ అంటారు. అంత లోతులో రాయి తీసేసిన చోట చుట్టూ ఉన్న కొండంత బరువు నొక్కి, గట్టి రాయి ఒక్కసారిగా పగిలిపోతుంది. గ్రానైటు దిమ్మెలతో గోడలు కట్టి ఆనిక పెట్టినా ఒక్కోసారి ఆగదు. కింద పగిలితే పైన మా ఇళ్ళు కదిలేవి. నాకు తొమ్మిదేళ్ళప్పటి ఒక రాత్రి చెబుతాను. నాయన నైట్ షిఫ్టులో ఉన్నాడు. అటక మీద ఇత్తడి చెంబులు ముందు చిన్నగా గణగణమన్నాయి, తర్వాత ఒకటి దొర్లి కింద పడింది. అమ్మ నా మీదుగా దాటి తలుపు తీసింది. అప్పటికే లైన్లో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఒక్కరూ ఏడవడం లేదు, మాట్లాడటం కూడా లేదు. లైను చివర కొళాయి దగ్గర బిందెలు వరసలో పెట్టి ఉన్నాయి, రాత్రిపూటే నీళ్ళు వచ్చేవి. నీళ్ళు పడుతున్నావిడ బిందె అట్లాగే కొళాయి కింద వదిలేసి నడిచింది. ఆడవాళ్ళందరూ చీకట్లో షాఫ్టు, అంటే గనిలోకి దిగే నిలువు బావి, గేటు వైపు పోతున్నారు. నేను కొళాయి దిమ్మె మీద కూర్చుని ఆ బిందె నిండి పొర్లిపోతుంటే చూస్తున్నాను. కట్టేయాలని తోచలేదు. నాయన తెల్లారాక వచ్చాడు. అమ్మ ఏమీ అనలేదు, స్నానానికి నీళ్ళు కాచింది. ఆ రోజు పక్క లైన్లో ఒక ఇంటికి మనిషి రాలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, గనుల మీద నీకు ఎంత ఆసక్తి ఉన్నా, ఎవర్నీ పోగానే 'ఎయిర్ బ్లాస్ట్ చూశారా, ఎంతమంది పోయారు' అని అడగొద్దు. వాళ్ళంతట వాళ్ళు చెబితే విను.

ఇప్పుడు జాగ్రత్తలు. ఇవి మాత్రం పెద్దనాన్న మాటగా కచ్చితంగా పాటించాలి.

షాఫ్టుల దగ్గరికి పోవద్దు. హెడ్‌గేరు, అంటే షాఫ్టు మీద నిలబెట్టిన ఇనప గోపురం, దూరం నుంచే కనిపిస్తుంది. అక్కడిదాకా చాలు. లోపలి ఆవరణలోకి అనుమతి లేకుండా వెళ్ళకూడదు, కాపలా ఉంటుంది. కాపలా లేని చోట కంచె తెగి ఉంటే అది ఇంకా ప్రమాదం. పంపులు ఆపేశాక గనులన్నీ నీళ్ళతో నిండాయి. గాలి ఆడని సొరంగాల్లో ఊపిరాడదు, నేల ఎక్కడ గుల్లగా ఉందో పైకి తెలియదు. పాత ఇనుము కోసం, మట్టి కోసం దొంగతనంగా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 'నాకు తెలిసినవాడున్నాడు, లోపల చూపిస్తాను' అని ఎవరైనా డబ్బడిగితే నమస్కారం పెట్టి వచ్చెయ్.

రెండోది సైనైడ్ దిబ్బలు. రైల్లోంచే కనిపిస్తాయి. తెల్లగా, బూడిదరంగుగా, పైన బల్లపరుపుగా ఉండే గుట్టలు. కొత్తవాళ్ళు వాటిని కొండలనుకుంటారు. అవి ఎట్లా వచ్చాయో చెప్తాను, అప్పుడు నీకు వాటిని చూస్తే వేరేగా ఉంటుంది. మొదట్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా బంగారం వచ్చేది. చివరికొచ్చేసరికి మూడు గ్రాములు కూడా కష్టమైంది. నీ చెవి కమ్మలు మూడు గ్రాములనుకో. ఆ జతకు టన్ను రాయి మూడు కిలోమీటర్ల కింది నుంచి పైకి రావాలి, పిండిలా నలగాలి, సైనైడ్ కలిపిన నీళ్ళలో నానాలి. బంగారం ఆ నీళ్ళలో దిగిపోతుంది, మిగిలిన పిండిని బయట పోస్తారు. నూట ఇరవై ఏళ్ళలో ఎనిమిది వందల టన్నులకు పైగా బంగారం తీశారు. బంగారం ఎక్కడికి పోయిందో మనకు తెలియదు, పిండి మాత్రం మూడు కోట్ల టన్నులకు పైగా అక్కడే ఉంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ దుమ్ము లైన్ల మీదికి వస్తుంది. అమ్మ ఉతికిన బట్టలు మళ్ళీ ఉతికేది, అన్నం గిన్నె మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంచేది.

సినిమాల్లో పాటలు, ఫైట్లు అక్కడ తీశారు కాబట్టి కుర్రాళ్ళు ఎక్కి ఫొటోలు దిగుతుంటారు. నువ్వు ఎక్కొద్దు. వానకు కోసుకుపోయి అంచులు లోపల డొల్లగా ఉంటాయి, అడుగేస్తే జారిపోతాయి. ఆ దుమ్ము పీల్చడం కూడా మంచిది కాదు. గాలి ఉన్న రోజైతే ముక్కుకు చున్నీ కట్టుకో. రోడ్డు మీద నిలబడి చూడు. కమ్మలు గుర్తు తెచ్చుకుని చూడు.

సినిమా అన్నాను కాబట్టి ఆ మాట కూడా. కేజీఎఫ్ పేరు దేశమంతా మోగింది సినిమా వల్లే. అందులో చూపించిన కథ ఆ ఊరిది కాదు. అక్కడ తరతరాలు పనిచేసింది జీతానికి చేరిన కూలీలు, సంఘాలు పెట్టుకుని పోరాడిన కూలీలు. 1930లో అందరి వేలిముద్రలు తీసుకోవాలని కంపెనీలు నిర్ణయిస్తే, మేము దొంగలమా అని పనిముట్లు కింద పడేసి వారాల తరబడి సమ్మె చేశారు. మీ తాతకు ఆ సంగతి వాళ్ళ మేస్త్రీ చెప్పాడట, నాకు నాయన చెప్పాడు, ఇప్పుడు నీకు నేను చెబుతున్నాను. సినిమా డైలాగులు అక్కడ చెప్పొద్దు. స్నేహితురాళ్ళకు కూడా ముందే చెప్పు.

లైన్లలోకి వెళ్ళడం గురించి నేను చేసిన తప్పు ఒకటి రాస్తాను. పన్నెండేళ్ళ కిందట, రిటైరయ్యాక మొదటిసారి మళ్ళీ వెళ్ళాను. మేమున్న ఇల్లు గుర్తుపట్టాను. సున్నం పెచ్చులూడి, ముందు రేకు కొత్తగా వేసి ఉంది. మనసాగలేదు. జేబులోంచి ఫోన్ తీసి నాలుగు ఫొటోలు తీసేశాను. లోపల్నుంచి ఒకావిడ వచ్చింది, అరవై దాటినావిడ, చేతికి పిండి అంటుకుని ఉంది. 'ఎందుకయ్యా తీస్తున్నావు? మేము ఎంత పేదగా ఉన్నామో చూపించడానికా?' అంది తమిళంలో. 'అమ్మా, ఇది నేను పుట్టిన ఇల్లు' అన్నాను. ఆవిడ ఒక్క క్షణం చూసి, 'అయితే ముందు తలుపు తట్టాలి కదా' అంది. అంతే. కాఫీ ఇచ్చింది, లోపల కూర్చోబెట్టింది, వాళ్ళాయన ఏ షాఫ్టులో పనిచేశాడో చెప్పింది. కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుతుంది. అక్కడే పుట్టినవాడిని, నేనే బయటివాడిలా ప్రవర్తించాను. ఫొటోలు ఆవిడ ముందే ఫోన్‌లోంచి చెరిపేశాను.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. లైనులోకి అడుగుపెట్టగానే ఫోన్ బ్యాగులో పెట్టెయ్. ముందు మూల మీదున్న టీ కొట్టు దగ్గర కూర్చో. ఉదయం పది, పదకొండు గంటలప్పుడు పెద్దవాళ్ళు అక్కడే ఉంటారు. 'మా తాత ఇక్కడ డ్రిల్లింగ్‌లో పనిచేశాడు, చిత్తూరు వైపు మనిషి, చూసిపోదామని వచ్చాను' అని చెప్పు. అంతకంటే ఏమీ అక్కర్లేదు. మిగతాది వాళ్ళే చూసుకుంటారు. ఎవరైనా ఇంటికి రమ్మంటే వెళ్ళు, పెట్టింది తిను. డబ్బులివ్వబోకు, చిన్నబుచ్చుకుంటారు. పోయేటప్పుడు పిల్లలకు పళ్ళో బిస్కెట్లో తీసుకుపోతే చాలు.

'గనులు మళ్ళీ తెరుస్తారంటగా?' అని మాత్రం అడగొద్దు. మూసిన రోజు నుంచి ఆ మాట వింటూనే ఉన్నారు. ప్రతి ఎన్నికలకూ ఒకసారి వస్తుంది. ఆ మాట నమ్మి కూర్చున్నవాళ్ళున్నారు, ఆ మాట వింటేనే లేచిపోయేవాళ్ళున్నారు. ఎవరు ఏ రకమో నీకు తెలియదు.

లైన్ల తర్వాత దొరల వైపు కూడా చూడు. చర్చిలు, క్లబ్బు, పెద్ద చెట్ల కింద బంగళాలు, ఎర్ర పెంకుల కప్పులు. లిటిల్ ఇంగ్లండ్ అనేవాళ్ళు ఆ ఊరిని. చాలామంది అక్కడే ఆగి ఫొటోలు తీసుకుని వెళ్ళిపోతారు. అందంగానే ఉంటుంది, నేను కాదనను. కానీ ముందు లైన్లు చూసి తర్వాత బంగళాలు చూస్తే మధ్యలో నడిచే దారి ఎంత పొడవో కాళ్ళకు తెలుస్తుంది. ఆ దారి ఆటోలో పోవద్దు.

నువ్వు సైన్సు చదివినదానివి కాబట్టి ఇంకో సంగతి. ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ (టీఐఎఫ్ఆర్) శాస్త్రవేత్తలు పరికరాలు పెట్టి, 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. న్యూట్రినోలంటే ఎంత రాయినైనా దూసుకుపోయే అతి సూక్ష్మ కణాలు. ప్రపంచంలో మొదటిసారి. అదే ఏడు దక్షిణాఫ్రికాలో కూడా ఒక బంగారు గనిలోనే ఇంకో బృందానికి దొరికింది. పైన అంత రాయి అడ్డం ఉంటే తప్ప మిగతా కిరణాల సద్దు ఆగదు కాబట్టి అంత కిందికి పోయారు. చూడటానికి పైన ఏమీ లేదు. నేల మీద నడుస్తున్నప్పుడు కింద అది కూడా జరిగిందని తెలిస్తే చాలు.

మధ్యాహ్నం భోజనానికి రాబర్ట్‌సన్‌పేట బజారుకు పో. పరోటా, బిర్యానీ దొరుకుతాయి, రద్దీగా ఉన్న కొట్టు చూసి కూర్చో. నీళ్ళ సీసా వెంట తీసుకుపో. బేతమంగళ చెరువు నుంచి పాలారు నీళ్ళు వచ్చేవి మాకు, ఎప్పుడూ కరువే. ఇప్పుడూ నీళ్ళకు ఇబ్బంది పడతారు, అక్కడి ఇళ్ళలో అడిగి తాగే నీళ్ళు వృథా చేయకండి. చలికాలం కాబట్టి పొద్దున స్వెట్టర్ ఉండాలి, మధ్యాహ్నానికి ఎండ చురుక్కుమంటుంది, టోపీ పెట్టుకో. కమ్మసంద్ర కోటిలింగేశ్వర గుడి దగ్గర్లోనే ఉంది. స్నేహితురాళ్ళు ఆశపడతారేమో. ఒక్కరోజులో రెండూ పెట్టుకుంటే రెండూ సరిగ్గా చూడలేరు. గుడికి ఇంకోసారి నేనే తీసుకెళ్తాను.

సాయంత్రం త్వరగా తిరుగు రైలెక్కెయ్యకు. మారికుప్పం స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుని బెంగళూరు రైలు వచ్చేదాకా ఆగు. పొద్దున ఎదురు రైల్లో చూసిన మనుషులే దిగుతారు. పిల్లలు ఎదురొస్తారు, కూరగాయల సంచులు చేతులు మారతాయి, ఆటోలు కేకలేస్తాయి. పదిహేను నిమిషాల్లో ప్లాట్‌ఫారం ఖాళీ అయి లైన్లలో లైట్లు వెలుగుతాయి. మా చిన్నప్పుడు సైరన్ మోగి షిఫ్టు దిగేటప్పుడు వీధి ఇట్లాగే ఉండేది.

ఆ తర్వాత అదే రైల్లో బంగారుపేటకు రా. స్టేషన్ బయట పానీపూరీ తిను. అక్కడ పానీ ఆకుపచ్చగా ఉండదు, మంచినీళ్ళలా తెల్లగా ఉంటుంది, ఘాటు మాత్రం తగ్గదు. తిన్నాక బెంగళూరుకు పోవద్దు. మా ఇంటికి, కుప్పం రైలెక్కండి ముగ్గురూ. దారిలో బిసానత్తం స్టేషన్ వస్తుంది, చీకట్లో ఏమీ కనిపించదులే. బిసానత్తం, చిగురుగుంట దగ్గర కూడా బంగారు గనులుండేవి. అదే బంగారు రాయి మన జిల్లాలోకి సాగింది. కోలారుతోపాటే 2001లో అవీ ఆగాయి. ఆదివారం పొద్దున అటు తీసుకెళ్ళి చూపిస్తాను. మీ పెద్దమ్మ రాగిముద్ద, ఊరిబిండి చేస్తానంటోంది.

మేమున్న లైను ఎక్కడో, షాఫ్టు నుంచి ఎట్లా పోవాలో విడిగా కాగితం మీద గీసి మీ నాన్నకు పంపుతున్నాను. వరసలో ఎడమ చేతి వైపు చివరి నుంచి మూడో ఇల్లు. తలుపు తట్టు. ఆ పెద్దావిడ ఉంటే నా నమస్కారాలు చెప్పు. లైను చివర కొళాయి దిమ్మె ఇంకా ఉందేమో చూడు, నల్లరాయితో కట్టింది, మధ్యలో బిందెల అడుగులు రాసుకుని రాయి అరిగి గుంటపడి ఉంటుంది. ఫొటో వద్దు. ఉందో లేదో వచ్చి చెప్పు.

బంగారుపేటలో రైలెక్కాక ఫోన్ చెయ్యి. స్టేషన్‌కి నేనే వస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న
కుప్పం